ఫాంటులో చిక్కిన తెలుగు: పేజ్‌మేకర్ నుండి యూనికోడ్ దాకా

పోచంపల్లి నేతపై 1990ల చివరలో సమర్పించిన ఒక సిద్ధాంత గ్రంథపు కంప్యూటర్ ప్రతి నేడు మన చేతికి వచ్చిందనుకుందాం. నాటి ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే శీర్షికలోని ‘పోచంపల్లి’ స్థానంలో రోమన్ అక్షరాలు, విరామచిహ్నాలు, పొంతన లేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు. అందులో మొదటినుండీ తెలుగు లేదు.

1985లో ఆల్డస్ సంస్థ విడుదల చేసిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. తెలుగు డీటీపీకి చాలాకాలం అదే ఆధారం. అయితే దానికి తెలుగు లిపి తెలియదు. అందువల్ల అను, శ్రీలిపి వంటి వ్యవస్థలు రోమన్ అక్షరాల స్థానాలలో తలకట్లను, గుణింతపు గుర్తులను, ఒత్తులను అమర్చాయి. ఏ స్థానంలో ఏ ముక్క ఉండాలన్నది ఆయా తయారీదారుల ఇష్టం. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు మగ్గమెక్కకముందే నూలులో ఉంటుంది. ఈ ఫైళ్లలో తెలుగు ఫాంటు తొడిగితేనే ఉంటుంది.

ప్రమాణాలు లేక కాదు. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఇస్కీని (ఐఎస్ 13194) ప్రకటించింది. అదే ఏడాది యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు 128 స్థానాల విభాగం ఏర్పడింది. దాని ప్రకారం ‘పోచంపల్లి’ 9 సంకేతాల వరుస: ప, ఓత్వం, చ, సున్న, ప, ల, పొల్లు, ల, గుడి. ఏ యంత్రంలోనైనా ఆ వరుస మారదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగుకు చోటిచ్చింది. ఆ ఏడాదే వచ్చిన పేజ్‌మేకర్ 7 మాత్రం యూనికోడ్‌ను గ్రహించలేదు. 2004లో అడోబీ దాని అభివృద్ధిని నిలిపివేసింది. దానిపై పెరిగిన తెలుగు ఫైళ్లు దిక్కులేనివయ్యాయి.

ప్రోగ్రామర్లు వెతికిన విరుగుడు మార్పిడి సాధనాలు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తోడుగా వచ్చిన ‘పద్మ’ ఈనాడు, వార్త వంటి పత్రికల సొంత ఫాంటుల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. కాని 2017 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింతలన్నింటినీ తిరస్కరించింది; పద్మ రూపొందింది ఆ పద్ధతిలోనే. ఆధారం కోల్పోయిన పాఠాన్ని ఆదుకోవడానికి పుట్టిన సాధనానికే ఆధారం జారింది! దీనికి సంస్థలను మాత్రమే తప్పుపట్టడం సబబు కాదు. ముద్రిత ప్రతి చక్కగా ఉంటే చాలుననుకున్న మన పరిశోధనారంగానికీ ఇందులో పాలుంది.

మార్పిడి తేలిక పని కాదు. ‘ల్లి’ని పాత ఫాంటులో కంటికి కనిపించే క్రమంలో ‘లి’, తరువాత లావొత్తుగా నిలుపుతారు. యూనికోడ్‌లో గుడి చివర రావాలి. ప్రతి సంయుక్తాక్షరం వద్ద ఈ క్రమాన్ని తిరగవేయాలి. పొరపాటు పడితే సాధారణ పదాలను నిఘంటువుతో పోల్చి దిద్దవచ్చు. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, మగ్గపు పనిముట్ల పేర్లు చాలావరకు నిఘంటువులకెక్కలేదు. నేతపై వచ్చిన గ్రంథానికి విలువ తెచ్చేవి అవే. వాటిని సరిచూడగలిగేది రాసిన పరిశోధకుడు, లేదా ఆ మాట చెప్పిన నేతకాడు.