మమ్మాయి కొలిమి

ఉత్తర తెలంగాణమున ఇనుము కరగించువారు కొలిచిన దేవత మమ్మాయి. విశ్వకర్మకువలె ఈమెకు పురాణములు పెద్దపీట వేయలేదు. అయినను, మూసలోని ముద్ద కుదురునో చెడునో యెరుగక రేయెల్ల కొలిమికడ మేల్కొన్నవానికి పురాణముతో నేమి పని? నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున, మట్టిలో వరిపొట్టు కలిపి చేసిన మూసలయందు రెండూళ్ల ఇనుమును కలిపి నించి, మూతిని మట్టితో మెత్తి, తిత్తుల యూర్పు తెగనీయక అహోరాత్రము కాచి, మెల్లగా చల్లార్చి పగులగొట్టినచో, ఇస్ఫహాను వర్తకులు సముద్రము దాటి వచ్చి కొనిపోయిన ఉక్కుముద్ద లభించెడిది. ఆ పనిని కన్నులార చూచిన ఆంగ్ల భూగర్భశాస్త్రజ్ఞుడు హెన్రీ వోయ్సీ వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. తరువాత సీమ యినుము చౌకగా దిగినంతనే కొలుములు చల్లారినవి. ఊరి వెలుపల నల్లని చిట్టెపు దిబ్బలు మిగిలినవి.