ఎల్లలు దాటే పత్రిక: లాభాపేక్ష లేని విదేశ వ్యవహారాల ప్రచురణ, ‘హిమాల్’ ఉదంతం

విదేశ వ్యవహారాలను గురించి సామాన్య పాఠకునికి చేరే సమాచారంలో అధిక భాగం ప్రభుత్వ ప్రతినిధుల ప్రకటనల నుండి, పెద్ద వార్తాసంస్థల నుండి వస్తుంది. ఏ దేశపు పత్రిక ఆ దేశపు కళ్ళతోనే పొరుగు దేశాన్ని చూడడం పరిపాటి. ఈ పరిపాటికి వెలుపల నిలిచి, ఏ ప్రభుత్వానికీ, పార్టీకీ, వ్యాపార సంస్థకూ చెందక, లాభం ఆశించక, అంతర్జాతీయ వ్యవహారాలపై విశ్లేషణ ప్రచురించే సంస్థలు కొన్ని ఉన్నాయి. దక్షిణాసియాలో వాటిలో పేరెన్నికగన్నది ‘హిమాల్ సౌతేషియన్’ అనే ఆంగ్ల పత్రిక. 1987లో ఖాట్మండులో పుట్టి, 2016లో మూతపడి, 2018లో కొలంబో నుండి తిరిగి మొదలైన ఈ పత్రిక చరిత్ర చూస్తే, ఇటువంటి సంస్థకు ప్రాణాపాయం వ్యాసాల వలన కంటె అనుమతి కాగితాల వలననే ఎక్కువ అని తెలుస్తుంది.

పుట్టుక

స్థాపక సంపాదకులు కనక్ మణి దీక్షిత్ నేపాల్ దేశస్థులు. న్యాయశాస్త్రం, పాత్రికేయ విద్య అభ్యసించి 1982 నుండి 1990 వరకు న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సచివాలయంలో పనిచేశారు. ఆ ఉద్యోగంలో ఉన్న కాలంలోనే పత్రికకు అంకురార్పణ జరిగింది. మొదట అది హిమాలయ పర్వత ప్రాంతాల పత్రిక. 1996లో పరిధి విస్తరించి దక్షిణాసియా మొత్తానికి మాసపత్రిక అయింది. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, ఆఫ్ఘనిస్తాన్‌లతో పాటు మయన్మార్, టిబెట్లను కూడా ఈ పత్రిక తన పరిధిలోనే లెక్కిస్తుంది. ‘దక్షిణాసియా’ను ఆంగ్లంలో రెండు పదాలుగా విడదీయక ఒకే పదంగా రాయడం దాని నియమం. శ్రీలంక పైన, హిమాలయాలు కింద ఉండేటట్లు తలకిందులుగా ముద్రించిన దాని పటం బాగా ప్రసిద్ధి పొందింది. బడిలో గోడ పటం చూసి పెరిగినవారికి ఆ పటం మొదట తికమకగా తోస్తుంది, కాని ఏ దేశం పైన, ఏ దేశం కింద అన్నది కేవలం అలవాటేనని కాసేపటికి బోధపడుతుంది.

పత్రిక పుట్టిన 1987లోనే, జనవరి మాసంలో, సార్క్ కూటమి సచివాలయం కూడా ఖాట్మండులో వెలసింది. ఒకటి ప్రభుత్వాల కచేరీ, మరొకటి పౌరుల పత్రిక. ఈ రెండింటికీ సంబంధం లేదు గాని వాటి గతులు పోల్చదగినవి. సార్క్ అధినేతల సమావేశం చివరిసారిగా 2014 నవంబరులో ఖాట్మండులోనే జరిగింది. 2016లో ఇస్లామాబాదులో జరగవలసిన సమావేశం రద్దయింది, ఆ తరువాత మరొకటి జరగనే లేదు. ప్రభుత్వాలు మాట్లాడుకోవడం మానినప్పుడు పొరుగువారి సంగతి పొరుగువారికి తెలిపే సాధనాలు మరీ తక్కువగా మిగులుతాయి.

విశ్లేషణ అనగా ఏమి

ఇటువంటి పత్రిక చేసే పని ఏమిటో భూటాన్ ఉదంతం చక్కగా తెలుపుతుంది. ఆ దేశపు దక్షిణ జిల్లాలలో నేపాలీ మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా ఉండేవి. 1985 నాటి పౌరసత్వ చట్టం అనుసరించి, 1958 నాటికే దేశంలో నివాసమున్నట్లు రుజువు చూపవలసి వచ్చింది. 1988లో జనాభా లెక్కల వేళ అధికారులు ఆ ఏటి పన్ను రసీదు అడిగారు. ముప్పై ఏళ్ళ నాటి రసీదు ముక్క కొరకు ఇనుప పెట్టెలు వెదకడమంటే ఏమిటో సరిహద్దు గ్రామాల వారికి వేరే చెప్పనక్కరలేదు. 1989లో జాతీయ వేషధారణ తప్పనిసరి అయింది, పాఠశాలలలో నేపాలీ బోధన తొలగింది. నిరసనలు, అరెస్టులు, వెళ్ళగొట్టడాలు సాగాయి. 1990 తరువాత లక్షమందికి పైగా తూర్పు నేపాలులోని ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాలకు చేరారు. భూటాన్ వారిని తిరిగి తీసుకొనలేదు. 2007 నుండి వారిలో 1,10,000 మందికి పైగా అమెరికా మొదలైన దూరదేశాలలో స్థిరపడవలసి వచ్చింది.

1992లోనే హిమాల్ ఈ విషయంపై సుదీర్ఘ కథనం ప్రచురించింది. అప్పటికి ప్రపంచ పత్రికలలో భూటాన్ అంటే మబ్బుల మధ్య మఠాలు, సంతోషంగా ఉండే ప్రజలు. ఇటువంటి కథనం రాసేటప్పుడు రెండు వైపులా చూడక తప్పదు. 1975లో పక్కనే ఉన్న సిక్కిం రాజ్యం భారత్‌లో కలిసిపోవడం చూసిన చిన్న రాజ్యపు భయం ఒకటి, భాష కారణంగా ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న కుటుంబాల గోడు మరొకటి. మొదటిది చెప్పినంత మాత్రాన రెండవది న్యాయం కాబోదు. అయితే మొదటిది దాచి రాసిన కథనాన్ని విశ్లేషణ అనలేము, అది కరపత్రమవుతుంది. నేపాలులో కూర్చుని నేపాలీ భాషీయుల కష్టం రాసే పత్రికకు ఈ పరీక్ష మరింత కఠినమైనది.

మాటల ఎంపిక కూడా ఈ పనిలో భాగమే. ఒకే ప్రదేశాన్ని భారతీయ రచయిత ‘పాక్ ఆక్రమిత కాశ్మీరు’ అంటాడు, పాకిస్తానీ రచయిత ‘ఆజాద్ కాశ్మీరు’ అంటాడు. ఇద్దరి వ్యాసాలూ ఒకే సంచికలో వేసే సంపాదకుడు, ఎవరి పాలనలో ఉన్నదో మాత్రమే తెలిపే మూడవ మాట వెదకుకోవాలి. పటం వేస్తే చిక్కు ఇంకా పెద్దది. భారతదేశ పటాన్ని సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా ప్రచురించడం ఇక్కడి చట్టం ప్రకారం శిక్షార్హం. 2011 మే నెలలో ‘ది ఎకనామిస్ట్’ వారపత్రిక కాశ్మీరు పటంపై తెల్ల కాగితం ముక్కలు అంటించి 28,000 ప్రతులు భారత్‌లో పంచవలసి వచ్చింది. ఆ పత్రికకు ఆ ఖర్చు భరించే శక్తి ఉన్నది. నలుగురైదుగురు సిబ్బందితో నడిచే లాభాపేక్ష లేని సంస్థకు అటువంటి ఒక్క దెబ్బ ఒక సంచికనే మింగివేస్తుంది.

యాజమాన్యం, సంపాదకుడు

హిమాల్‌ను నేపాలులో నడిపినది ‘సౌతేషియా ట్రస్ట్’ అనే లాభాపేక్ష లేని సంస్థ. ట్రస్టులో వాటాదారులు ఉండరు. మిగులు ఉంటే పనికే తిరిగి పెట్టాలి. ధర్మకర్తలు లెక్కలకు, చట్టబద్ధతకు పూచీ వహిస్తారు. ఏ వ్యాసం వేయాలో, ఏది వేయరాదో సంపాదకుడు నిర్ణయిస్తాడు. వినడానికి ఈ విభజన తేలికగా ఉన్నా, కోర్టు నోటీసు వచ్చిననాడు ఆ గీత ఎక్కడ ఉన్నదో ఎవరికీ కనబడదు.

భారతదేశంలో దీనికి నిదర్శనం ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’. సచిన్ చౌధురి 1949లో బొంబాయిలో స్థాపించిన ‘ఎకనామిక్ వీక్లీ’ 1965 చివర ఆగిపోగా, మిత్రులు, పాఠకులు కూడి సమీక్షా ట్రస్టు పేరుతో 1966లో దానిని కొత్త పేరుతో నిలబెట్టారు. కృష్ణరాజ్ 1969 నుండి 2004లో మరణించే వరకు సంపాదకులుగా ఉన్నారు. తెలుగువారిలో పౌరహక్కుల నాయకులు కె. బాలగోపాల్ ఆంధ్ర ప్రాంత పరిణామాలపై అందులో విరివిగా రాశారు. ఆయన వ్యాసాల ద్వారానే తెలుగు పల్లెల సంగతులు దేశ విదేశాల విశ్వవిద్యాలయాలకు చేరాయి. అంతటి పత్రికలో 2017 జులైలో ఒక పెద్ద వాణిజ్య సంస్థ నుండి లీగల్ నోటీసు వచ్చింది. వ్యాసాన్ని తొలగించమని ధర్మకర్తల మండలి కోరింది, సంపాదకులు పరంజయ్ గుహా ఠాకుర్తా రాజీనామా చేశారు. తమకు చెప్పకుండా న్యాయవాదిని నియమించి జవాబు పంపారన్నది మండలి అభ్యంతరం. ఎవరి వాదం ఏదైనప్పటికీ, నోటీసు వచ్చినప్పుడు ఎవరు, ఎన్ని రోజులలో, ఎవరితో చెప్పి జవాబివ్వాలన్నది ముందే రాసిపెట్టుకోని ట్రస్టుకు ఈ స్థితి తప్పదు.

డబ్బు

ప్రకటనలు ఇటువంటి పత్రికలకు పెద్దగా రావు. సబ్బులు అమ్మేవారికి భూటాన్ శరణార్థులపై వ్యాసం పక్కన స్థలం అక్కరలేదు. చందాలు ముద్రణకూ తపాలాకూ చాలితే గొప్ప. పొరుగు దేశానికి సంచిక పంపాలంటే తపాలా ఖర్చు పత్రిక వెలను మించవచ్చు. కావున దాతృ సంస్థల గ్రాంటులే ఆధారమవుతాయి. గ్రాంటు సాధారణంగా ఏడాదికో మూడేళ్ళకో వస్తుంది, తరువాత మళ్ళీ దరఖాస్తు. ఒక్క దాత వాటా సగానికి మించితే, ఆ దాత ఒక్క మాట అనకపోయినా సంపాదకుని చేయి తనంత తానే తడబడుతుంది.

గ్రాంటు విదేశాల నుండి రావడంలోనే అసలు చిక్కు ఉన్నది. నేపాలులో 1992 నాటి సమాజ సంక్షేమ చట్టం ప్రకారం స్వచ్ఛంద సంస్థలు విదేశీ సహాయానికి ప్రభుత్వ పరిషత్తు అనుమతి పొందాలి. భారత్‌లో నిబంధన ఇంకా గట్టిది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010, దానికి ముందున్న 1976 నాటి చట్టం, రిజిస్టరైన వార్తాపత్రికల యజమానులు, సంపాదకులు, ప్రచురణకర్తలు విదేశీ విరాళం స్వీకరించరాదని నిషేధిస్తాయి. కనుక హిమాల్ వంటి పత్రిక గ్రాంటులపై భారత్‌లో నడవడం సాధ్యం కాదు. ఇక్కడ చందాలు, స్వదేశీ విరాళాలే దిక్కు. ప్రజోపయోగం పేరిట పన్ను మినహాయింపు పొందే సంస్థల వాణిజ్య రాబడి మొత్తం రాబడిలో 20 శాతం మించరాదన్న పరిమితి 2015 సవరణతో వచ్చింది. ప్రకటనలు ఆశించే ట్రస్టు దీనిని కూడా లెక్కలో ఉంచుకోవాలి.

మూసివేత, వలస

2013లో హిమాల్ మాసపత్రిక రూపం వదిలి, పుస్తకమంత త్రైమాసికంగా మారింది. 2016 ఏప్రిల్‌లో దీక్షిత్‌ను నేపాల్ అవినీతి నిరోధక సంస్థ అరెస్టు చేసింది. కొద్ది రోజులకు సుప్రీంకోర్టు విడుదలకు ఆదేశించింది. అదే ఏడు ఆగస్టులో, నవంబరు నుండి పత్రిక నిలిపివేస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. నిషేధం ఏదీ రాలేదు. ఏ వ్యాసం మీదా కేసు లేదు. రావలసిన గ్రాంటులకు నెలల తరబడి అనుమతి దొరకలేదని, నేపాలేతర సంపాదకులకు పని అనుమతులు జాప్యమవుతున్నాయని, ఇతర దేశాల రచయితలకు పారితోషికం పంపడం కూడా సాగడం లేదని సంస్థ తెలిపింది. భారతీయులకు 1950 సంధి వలన నేపాల్ ప్రవేశానికి వీసా అక్కరలేదు గాని, పాకిస్తాన్, శ్రీలంకల నుండి వచ్చినవారి మాట వేరు. ఎల్లలు లేని పత్రిక అని చెప్పుకొనే సంస్థకు ప్రతి ఉద్యోగి విషయంలోనూ ఎల్ల అడ్డు వచ్చింది.

సెన్సారు అధికారి ఎదుటపడితే అతనితో వాదించవచ్చు, కోర్టుకు వెళ్ళవచ్చు. ఫైలు కదలకపోతే ఎవరిపై వ్యాజ్యం వేయాలి? ‘రేపు రండి’ అన్న మాటకు అప్పీలు ఉండదు. ఆ మధ్య కాలంలో జీతాలు, అద్దె, ముద్రణాలయం బాకీ ఆగవు.

2018లో పత్రిక కొలంబో నుండి ప్రధానంగా అంతర్జాలంలో తిరిగి మొదలైంది. ముద్రణ, తపాలా ఖర్చులు తగ్గాయి, సంచిక సరిహద్దు వద్ద ఆగే భయం తీరింది. అయితే చిక్కులన్నీ తీరలేదు. 2019లో ఈస్టర్ నాటి బాంబు దాడులు, 2022లో విదేశీ మారకం అడుగంటి పెట్రోలు కొరకు రోజుల తరబడి వరుసలు, అధ్యక్షుని పలాయనం, ఇవన్నీ ఆ నగరంలోనే జరిగాయి. గ్రాంటులపై భారం తగ్గించుకొనడానికి పత్రిక పాఠకులనే సభ్యులుగా చేర్చుకొని వారి నుండి విరాళాలు కోరుతున్నది.

తెలుగులో ప్రయత్నించేవారికి

తెలుగులో ఇటువంటి పని తలపెట్టేవారు కర్ణాటకలో ఉంటే 1960 నాటి, తమిళనాడులో ఉంటే 1975 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం నమోదు చేసుకొనవచ్చు. లేదా ట్రస్టు దస్తావేజు రాయించుకొనవచ్చు. లాభాపేక్ష లేని కంపెనీగా నమోదుకు 2013 కంపెనీల చట్టం 8వ సెక్షను వీలిస్తుంది, కాని ఏటేటా దాఖలు చేయవలసిన కాగితాలు ఎక్కువ. అచ్చు పత్రికకు 2024 మార్చి 1 నుండి అమలైన కొత్త చట్టం ప్రకారం ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ వద్ద నమోదు తప్పనిసరి. 1867 నాటి పాత చట్టం దానితో రద్దయింది. దస్తావేజులో సంపాదకుని నియామకం, తొలగింపు, లీగల్ నోటీసుకు జవాబు అనే మూడు విషయాలు స్పష్టంగా రాయించడం మంచిది. నమూనా దస్తావేజులలో ఇవి సాధారణంగా ఉండవు, లేఖరులు తమంతట తాము అడగరు.