భరిణకు దగిన మూత : విశాఖమండల హస్తకళలును యంత్రోత్పత్తియు

విశాఖపట్టణమున గూర్చుండి యంత్రమును నిందింప బూనుట కొంత సాహసమే యగును. 1933వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన నౌకాశ్రయము తెరువబడినది మొదలు, 1948 మార్చి 14న సింధియా వారి నౌకానిర్మాణశాల నుండి ‘జల ఉష’ సముద్రమున నడుగిడుటయు, ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అను నినాదమునకై ప్రాణములు విడిచినవారి స్మృతిని మోయుచు 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992 ఆగస్టు 1న జాతికి అంకితమగుటయు తలపోసినచో, ఈ నగరమునకు యంత్రము కూడువెట్టిన తల్లి యని యొప్పుకొనక తప్పదు. ఉక్కుకడ్డీకి గల పరమధర్మమొక్కటే: ఒక కడ్డీకి బదులు మఱియొక కడ్డీ నిలువగలుగవలెను. కడ్డీకిని కడ్డీకిని భేదమున్న యెడల మేడ నిలువదు. కావున వస్తువులు పరస్పరము మార్పిడికి లొంగియుండుట దోషము గాదు. ఉక్కు విషయమున నదియే శీలము. ఈ ధర్మము కడ్డీని విడిచి కళావస్తువును సంక్రమించినపుడు ఏమి జరుగునో, ఈ మండలమునకే చెందిన రెండు కళల నాధారముగా గొని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదటిది నేడు లేదు. పదునెనిమిదవ శతాబ్దిలో విశాఖపట్టణపు దంతపు పనితనము ఐరోపీయులలో మిక్కిలి ప్రసిద్ధము. 1756లో ఈ తీరమునకు వచ్చిన జాన్ కార్నీల్ అను సైనికాధికారి ఇచ్చటి అద్దకపు వస్త్రములతోబాటు ఈ పొదుగుడు పనిని గూడ ప్రశంసించెను. మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ ఆస్తి యమ్మకమునకు వచ్చినపుడు, 1781లో మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కొఱకు గొనిన దంతపు కుర్చీలు విశాఖపట్టణపు పనియేయని కళాచరిత్రకారుల యభిప్రాయము. చందనపు పెట్టెపై పలుచని దంతపు రేకులను తాపి, ఆ రేకులపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్కను నింపుట ఈ పనివారి రీతి. తొలినాళ్లలో ఆ గీతలు పూలతీగలు. కాలక్రమమున ఇంగ్లండు నుండి వచ్చిన అచ్చుబొమ్మలను జూచి గీసిన మేడలును, శిథిల దేవాలయములును.

ఇచ్చట నొకింత నిలిచి చూడవలెను. రాగిరేకుపై చెక్కిన గీతలో సిరా నింపి, దానిని కాగితముపై నొత్తి, ఒకే బొమ్మను వందలుగా బుట్టించుట ఐరోపా అచ్చుపని. ఆ అచ్చు విశాఖ పనివాని చేతికి రాగానే కథ తిరుగబడినది. అతడును గీతయే చెక్కెను, అతడును నలుపునే నింపెను. కాని ఆ నలుపు కాగితమునకు దిగక దంతమునందే నిలిచిపోయెను. అచ్చొత్తని అచ్చురేకు వంటిది ఆ పెట్టె. తానెన్నడు జూడని దేశపు మేడను, తానెఱుగని వృక్షములను గీయుచు, ఆ చిత్రము చుట్టును తనకు దెలిసిన తీగెనే యల్లిన ఆ యజ్ఞాత శిల్పిని అనుకర్త యని కొట్టివేయుట నాకు సమ్మతము గాదు. నమూనా పరాయిదైనను చేయి పరాయిది గాదు. ఆ కళ యంత్రమువలన నశింపలేదనుటయు గుర్తుంచుకొనదగినది: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986లో జరిగిన సవరణ దేశీయ దంతవ్యాపారమును నిషేధించెను. ఏనుగు ప్రాణముకంటె పెట్టె గొప్పది గాదు గనుక, దీనికై విలపింప బనిలేదు.

రెండవది జీవించియున్నది. విశాఖకు నైరుతి దిక్కున, వరాహనది యొడ్డున గల ఏటికొప్పాక, 2022లో జిల్లాల విభజన జరుగువఱకు విశాఖ జిల్లాలోనిదే. నేడు అనకాపల్లి జిల్లాలోనిది. కొండపల్లి బొమ్మ పొనికి కఱ్ఱను చెక్కగా, అతికింపగా నగునది. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కఱ్ఱను తరిమెన పట్టగా నగునది. ఆడపిల్లల చేతులలో తరతరములుగా నాడిన లక్కపిడతలు ఈ తరిమెన బిడ్డలే. పూర్వము తరిమెనకు ఇద్దరు కావలసియుండిరి: ఒకడు త్రాటిని ముందునకు వెనుకకు లాగును, ఒకడు ఉలి పట్టును. త్రాటితో దిరుగు కఱ్ఱ ఒకమాటు ఇటు, ఒకమాటు అటు దిరుగును గనుక ఉలి సగము కాలము మాత్రమే కోయును. తక్కిన సగము వేచియుండును. విద్యుత్తు వచ్చినపిదప కఱ్ఱ యొకేవైపున నాగక తిరిగెను. త్రాడు లాగువానికి బని పోయినది. దీనిని దాచుట న్యాయము గాదు. కాని ఉలి పట్టినవాని మాట వేఱు. లక్కకడ్డీని తిరుగుచున్న కఱ్ఱ కానించినపుడు రాపిడి వేడికి కరగి యది రంగుగా బరచుకొనును, పిమ్మట మొగలియాకుతో మెఱుగు పెట్టుదురు. వేగము సమముగా నున్నచో రంగును సమముగా నంటును. కావున మోటారు ఇచ్చట కళకు శత్రువు గాలేదు, పనిముట్టయ్యెను. యెంత నొక్కవలెనో, యెచ్చట నాపవలెనో ఇప్పటికిని చేయియే నిర్ణయించుచున్నది.

ఆనంద కుమారస్వామి 1909లో ప్రకటించిన భారతీయ శిల్పకార గ్రంథమును, వాల్టర్ బెంజమిన్ 1936లో యాంత్రిక పునరుత్పత్తిని గూర్చి వ్రాసిన వ్యాసమును జదివినవారు యంత్రమునే బోనులో నిలుపుదురు. ఏటికొప్పాక సాక్ష్యము అంత సరళముగా లేదు. నిజమైన చిక్కు రంగులతో వచ్చెను. డబ్బాలో దొరకు రసాయనపు రంగు చవుక, సులభము. అన్నిటికి మించి, నేటి యెఱుపే రేపటి యెఱుపు. ఆ మార్పులేనితనము కొఱకు, పిల్లలు నోట బెట్టుకొను వస్తువుపై విషమును పూయుటకు గూడ వెనుదీయని స్థితి యేర్పడినది. ఈ వెల్లువకు ఎదురీది పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు మొదలగు వానినుండి రంగులు తీయు విద్యను పునరుద్ధరించుటకు పాటుపడిన చింతలపాటి వేంకటపతి రాజు గారిని 2023లో పద్మశ్రీ వరించినది. ప్రకృతి రంగున కొక స్వభావము గలదు: ఏయేటి గింజ ఆయేటి రంగే యిచ్చును. గత సంవత్సరపు కుంకుమభరిణ యెఱుపు ఈ సంవత్సరము సరిగా రాదు. పనివానికిది సహజము; వేయి భరిణెలు ఒక్కతీరున నుండవలెనని కోరు దూరదేశపు వర్తకునకు మాత్రము లోపము. కళను బాధించునది తిరుగు మోటారు గాదు, ఈ కోరిక. దీనిని పుట్టించినది మూసలో పోయబడి పెట్టెలకొలది దిగు ప్లాస్టిక్ బొమ్మ. ఆ బొమ్మను జూచి చూచి, భేదము కంటబడినచో పొరపాటని తలచుట మన కన్నులే నేర్చుకొన్నవి.

చట్టము సయితము ఈ భేదమును తెలియకయే యంగీకరించినట్లు తోచును. 2021 జనవరి 1 నుండి దేశమున నమ్ముడగు ఆటవస్తువులకు ప్రమాణముద్ర తప్పనిసరి యయ్యెను. హస్తకళల అభివృద్ధి కమీషనరు వద్ద నమోదైన కళాకారుల బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును మినహాయింపు దొరకెను. పరీక్షాశాల యొక బొమ్మను శోధించి వేయింటికి ముద్ర వేయును; ఒకటి వేయింటికి బదులు నిలువగలదని నమ్మినగాని ఆ పద్ధతి సాగదు. చేతిపనిలో ఆ నమ్మకమునకు తావు లేదు. అయినను, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన తరువాత ‘ఏటికొప్పాక బొమ్మ’ యనగా ఇట్లుండవలెనను నిర్వచన మేర్పడినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఢిల్లీ వీధిన నడచినవియు ఆ నిర్వచనపు బొమ్మలే. ఈ గౌరవమే రేపు మఱియొక మూసగా మాఱునా యను శంక నన్ను విడువకున్నది.

మార్పిడి ధర్మమునకు లొంగనిది తుదకు ఎంత చిన్నదో చెప్పవలెనన్నచో, మూతగల భరిణను చూపుదును. తరిమెన పనివాడు భరిణ నోటిని తొలిచి, మూత యంచును దానికి బెట్టి చూచి, బిగువైనచో మరల నొక పొర తీయును. కొలబద్దతో పని లేదు, వ్రేలికి దెలియును. దుకాణములో ఒక్క వన్నెవి, ఒక్క పరిమాణముగలవి పది భరిణెల మూతలు తీసి కలిపివేసినచో, వానిని మరల జతపఱచుట కష్టము: ఒకటి వదులగును, ఒకటి దిగదు, ఒకటి దిగియు సగమున నాగును. ప్లాస్టిక్ డబ్బాలతో ఈ యాట సాగదు. ఏ మూతయైనను ఏ డబ్బాకైనను సరిపోవును. అమ్మువాడు విసుగుకొనక, మూత నొక్కొక్క భరిణపై బెట్టి త్రిప్పుచు, తన జత దొరికినపుడు వినవచ్చు మెత్తని చప్పుడు కొఱకు చెవి యొగ్గును.