దుబాయి కబుర్లు, కంపెనీ తాళాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దొరకదు. బోర్లు ఎండి, అప్పులు మీదికొచ్చి, దుబాయి, మస్కట్, రియాద్ పోయినోళ్ల కబురు ఇంటికి ఎట్లా చేరిందన్నది మా ప్రాంతం చరిత్రలో పెద్ద ముక్క. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. నేను కామారెడ్డి బస్టాండుకు దగ్గర్లో నెట్ సెంటర్ నడిపినవాణ్ణి కాబట్టి, నా కళ్లముందు జరిగినంత మేరకైనా రాయాలనిపించింది.

ఉత్తరాల కాలంలోనే క్యాసెట్లు మొదలయ్యాయి. చదువురాని అవ్వకు ఉత్తరం వస్తే ఎవరితోనో చదివించుకోవాలి, ఇంటిగుట్టు వాళ్ల చెవిన పడుతుంది. క్యాసెట్టుకు ఆ బాధ లేదు. గల్ఫ్‌లో కూలీలుండే క్యాంపులో రాత్రిపూట టేప్‌రికార్డర్ ముందు కూర్చుని, "బాపూ, మంచిగున్నరా? పైసలు పంపిన, ముట్టినయా?" అని మొదలుపెట్టి, పొలం, బర్రె, చెల్లె పెళ్లి అన్నీ అడిగి, సెలవు మీద ఊరికొచ్చే మనిషి చేతికిచ్చేవాళ్లు. ఇంటివాళ్లు విని, రెండో వైపు తమ మాటలు నింపి, కొత్తగా వీసా వచ్చి పోయేవాడితో తిప్పి పంపేవాళ్లు. ఆ క్యాసెట్టు షార్జాలో కొన్న జపాన్ టేపులోనైనా, లింగంపేటలో రిపేరు చేయించిన పాత టేపులోనైనా ఒకే తీరుగా పలికేది. 1963లో క్యాసెట్టును తెచ్చిన ఫిలిప్స్ కంపెనీ, దాన్ని తయారుచేసే హక్కును మిగతా కంపెనీలకు రుసుము లేకుండా ఇచ్చింది. అందుకే ఎవరి టేపు కొన్నా కబురు ఆగలేదు. ఈ విషయం నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిశాక నెట్ సెంటర్లో చూసినవన్నీ కొత్తగా అర్థమయ్యాయి.

ఐఎస్‌డీ బూత్‌ల కాలం గురించి ఎక్కువ చెప్పను. మీటరు ఎర్ర అంకెలు చూస్తూ మాట్లాడిన మాటలు మాటల్లెక్కన ఉండవు. 2002 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఇంటర్నెట్ ద్వారా ఫోన్ మాట్లాడటం చట్టబద్ధమైంది. ఇక శుక్రవారం వచ్చిందంటే నా సెంటర్ కిటకిట. అప్పట్లో గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. ఎల్లారెడ్డి నుంచి పొద్దున బస్సెక్కి, లింగంపేట, తాడ్వాయి మీదుగా వచ్చిన తల్లులు ప్లైవుడ్ క్యాబిన్లలో కూర్చునేవాళ్లు. హెడ్‌ఫోన్ తలకు పట్టక, చెవికి చేత్తో ఒత్తిపట్టుకుని, దూరం పోయిన కొడుకుకు వినబడాలని గట్టిగా అరిచేవాళ్లు. అందరిదీ యాహూ మెసెంజరే.

ఆ రోజుల్లోనే నాకు ఉబుంటు సీడీలు అందాయి. విండోస్‌కు బదులు వేసుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది, అంటే ఎవరైనా దాని కోడ్ చదివి, మార్చి, పంచుకోవచ్చు. అడిగినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడికైనా పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు, 2011 దాకా ఆ పద్ధతి నడిచింది. వైరస్‌లతో విసిగి రెండు సిస్టమ్‌లలో వేశాను. అందులో గెయిమ్ అనే చాట్ సాఫ్ట్‌వేర్ వచ్చేది, 2007లో దాని పేరు పిడ్జిన్ అయింది. ఒకే కిటికీలో యాహూ ఐడీ, ఎంఎస్ఎన్ ఐడీ, గూగుల్ టాక్ ఐడీ పక్కపక్కన తెరుచుకునేవి. కొడుకు ఏ కంపెనీలో ఖాతా తెరిచాడో తల్లికి తెలియాల్సిన పనిలేదు, పచ్చ చుక్క పక్కన పేరు కనబడితే చాలు. యాహూ వాళ్లు 2004లో తమ పద్ధతి మార్చి బయటి సాఫ్ట్‌వేర్‌లను తోసేస్తే, గెయిమ్ రాసేవాళ్లు కొద్ది రోజుల్లోనే దారి వెతికి కొత్త వెర్షన్ ఇచ్చారు. జీతం లేని మనుషులు, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో, మా క్యాబిన్లలో కూర్చున్న తల్లుల కోసం పనిచేశారని ఇప్పటికీ అనుకుంటాను.

కానీ యాహూ వాయిస్ పిడ్జిన్‌లో పలకలేదు. అక్కడే కథ అడ్డం తిరిగింది. అక్షరాలు టైపు చేయగలిగిన పిల్లలు ఉబుంటు సిస్టమ్ దగ్గర కూర్చునేవాళ్లు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకునేవాళ్లు. తల్లులు మాత్రం విండోస్ క్యాబిన్ ఖాళీ అయ్యేదాకా బల్ల మీద ఎదురుచూసేవాళ్లు. పిడ్జిన్‌లో జాబర్ అనే బహిరంగ చాట్ పద్ధతి ఖాతాలకు గొంతు వచ్చింది 2009లో. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వెనకబడ్డది అక్కడే అని నా అభిప్రాయం: అక్షరం వచ్చినవాడి గురించి ముందు ఆలోచించింది, గొంతు తప్ప ఇంకేమీ లేని మనిషి గురించి ఆలస్యంగా ఆలోచించింది.

జాబర్ సంగతి కొంచెం చెప్పాలి. అమెరికాలో జెరెమీ మిల్లర్ అనే యువకుడు 1999లో దాన్ని లోకం ముందు పెట్టాడు. 2004లో అది ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణమైంది. ఎల్లారెడ్డి పోస్టాఫీసులో వేసిన ఉత్తరాన్ని ఏ దేశం పోస్టు శాఖైనా అందుకుని పంచినట్టు, ఒకరి సర్వర్ నుంచి ఇంకొకరి సర్వర్‌కు మెసేజ్ పోవాలన్నది దాని మూలసూత్రం. గూగుల్ టాక్ 2005లో ఇదే పద్ధతి మీద మొదలైంది, 2006లో బయటి సర్వర్లకు తలుపు తెరిచింది. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి ఆ దారి నుంచి పక్కకు తప్పుకుంది. 2009లో పుట్టిన వాట్సాప్ కూడా ఎజాబర్డీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సర్వర్‌ను మార్చుకునే పెరిగింది. లోపల అందరి సొత్తు, బయట కంపెనీ తాళం. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొన్నట్టు ప్రకటించింది. ఈలోగా స్మార్ట్‌ఫోన్ ఇంటింటికీ వచ్చింది, నా సెంటర్ మూతపడింది. అవ్వలు కేవలం మైకు బొమ్మ నొక్కి మాట పంపడం నేర్చుకున్నారు. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. మెసేజ్‌లను దారిలో ఎవరూ చదవలేని రక్షణ 2016లో వాట్సాప్‌లో పూర్తయింది, ఆ పద్ధతి కూడా సిగ్నల్ అనే మెసేజ్ యాప్ వాళ్ల బహిరంగ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిందే.

మా వాళ్లకు అసలు దెబ్బ వేరే చోట తగిలింది. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు, మెసేజ్‌లు మాత్రమే పోతాయి. అందుకని ఏ కాల్ యాప్ పలికితే దాని వెనక పడటం అలవాటైంది. 2019లో టోటాక్ అనే యాప్ అక్కడ ఉచితంగా, గలగలా పలికింది. ఆ డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్, అది యూఏఈ ప్రభుత్వ నిఘా సాధనమని రాసింది. కంపెనీ కాదంది. గూగుల్, యాపిల్ తమ స్టోర్ల నుంచి తీసేశాయి. నిజం తేల్చుకుందామంటే ఆ యాప్ లోపల ఏముందో చూసే వీలు బయటివాళ్లకు లేదు. కోడ్ బయట పెట్టిన యాప్‌లో తప్పుంటే చదివి పట్టుకునేవాళ్లు ఉంటారు. అఖామా (అక్కడ ఉండే అనుమతి), జీతం బాకీ, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మీద కోపం, ఖల్లివెల్లి అయ్యి (యజమానిని విడిచి పోయి) ఎక్కడ తలదాచుకున్నదీ, ఇవన్నీ మాట్లాడుకునే మనుషులకు అది చిన్న విషయం కాదు.

కంపెనీ తాళం ఇంకో విధంగానూ పడుతుంది. యాహూ మెసెంజర్ 2018 జూలై 17న, స్కైప్ 2025 మే 5న మూతపడ్డాయి. ఇక నంబరు గొడవ. మన సిమ్ రీఛార్జి లేక పోతుంది, అక్కడి సిమ్ అఖామాతో పోతుంది, ఫోన్ నంబరే ఖాతా అయిన యాప్‌లో మనిషి కూడా దారితప్పుతాడు. సిగ్నల్‌కూ ఖాతా తెరవడానికి నంబరు కావాలి. జాబర్ చిరునామాకు నంబరుతో పనిలేదు. ఏ ఫోన్లోనైనా, ఏ దేశం సిమ్‌తోనైనా అదే చిరునామా తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో కన్వర్సేషన్స్ అనే యాప్ 2014 నుంచి ఆ పని చేస్తోంది.

ఈ దారిలో మన ప్రభుత్వమూ అడ్డు పెట్టింది. 2023 మేలో కేంద్రం ఆపేసిన 14 యాప్‌లలో ఎలిమెంట్, బ్రయర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. ఇంటర్నెట్ లేని చోట బ్లూటూత్ మీద కూడా నడిచే బ్రయర్‌ను ఆపడం నాకు చాలా బాధ కలిగించింది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి కాలేజీ పిల్లలకు ఈ సాఫ్ట్‌వేర్ సంగతులు చెబుతోంది. అది మా లింగంపేట, ఎల్లారెడ్డి పిల్లల దాకా, ముఖ్యంగా వీసా కోసం ఎదురుచూసే పిల్లల దాకా రావాలి.

ఇప్పటికీ కంపెనీ వీసా వచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. "అన్నా, ఫోన్ల ఏమేం ఏసుకోవాలె?" అంటారు. వాట్సాప్ తీసెయ్యమని చెప్పను, ఊరంతా అందులోనే ఉంది. దాని పక్కన ఒక జాబర్ ఖాతా తెరిపించి, చిరునామా, పాస్‌వర్డ్ కాగితం మీద రాయించి ఇంట్లో పెట్టమంటాను. అదే రోజు ఇంటి దగ్గర ఉండే చెల్లె ఫోన్లోనో తమ్ముడి ఫోన్లోనో కూడా వేయించి, బస్సెక్కకముందే ఒక మాట పంపించి చూసుకోమంటాను. ఒక్కరి ఫోన్లోనే ఉంటే అది పనికిరాదు.