ఆల్‌ఫ్రెడ్ బినే

ఆల్‌ఫ్రెడ్ బినే (1857–1911) ఫ్రెంచి మనోవిజ్ఞాన శాస్త్రవేత్త. బడిలో చదువు అందుకోలేకపోతున్న పిల్లలను గుర్తించడానికి 1905లో థియొడోర్ సైమన్‌తో కలిసి ఆయన తయారుచేసిన మాపనే నేటి ప్రజ్ఞా పరీక్షలకు మూలం. మన దగ్గర టెట్, డీఎస్సీలకు చదివేవారికి బినే–సైమన్ పేరు వెంటే ప్రజ్ఞాలబ్ధి సూత్రం కూడా నోటికి వచ్చేస్తుంది. నిజానికి ఆ సూత్రం బినేది కాదు. తెలివిని ఒక్క అంకెలో చెప్పడం ఆయనకు ఇష్టం లేదు కూడా.

బినే 1857 జూలై 8న నీస్ నగరంలో పుట్టాడు. తండ్రి వైద్యుడు, తల్లి చిత్రకారిణి. వారు విడిపోవడంతో తల్లి దగ్గరే పెరిగాడు. 1878లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నా ఆ వృత్తిలో నిలవలేదు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనోవిజ్ఞానాన్ని తనంతట తానే చదువుకున్నాడు.

తర్వాత సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో నాడీ వైద్యుడు షార్కో బృందంలో చేరాడు. అక్కడ షార్ల్ ఫెరేతో కలిసి, హిప్నాటిజంలో ఉన్న రోగి దగ్గర అయస్కాంతం పెడితే శరీరంలో ఒక పక్క ఉన్న లక్షణం రెండో పక్కకు మారుతుందని ప్రకటించాడు. బెల్జియం పండితుడు డెల్‌బ్యూఫ్ ఆ ప్రయోగాలను స్వయంగా చూసి, అదంతా సూచన ప్రభావమేనని తేల్చాడు. ఏం జరగాలని వైద్యులు ఎదురుచూస్తున్నారో రోగులకు ముందే తెలిసిపోయేది. బినే చివరకు ఆ మాట ఒప్పుకున్నాడు. పరీక్షించేవాడి ఆశ పరీక్ష ఫలితంలోకి ఎలా చొరబడుతుందో అప్పుడు తెలిసివచ్చింది. 1900లో సూచనకు లోబడే గుణం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. తలల కొలతలు తీస్తున్నప్పుడు కూడా తన అంచనాలే తన చేతిని నడుపుతున్నాయేమోనని అనుమానించి, ఆ దారి వదిలేశాడు.

ఆయనకు అసలు ప్రయోగశాల ఇల్లే. ఇద్దరు కూతుళ్లు మదలేన్, ఆలిస్ నడక నేర్చుకుంటున్నప్పుడు శ్రద్ధగా గమనించాడు. పెద్దమ్మాయి పట్టుకోవడానికి మరో ఆసరా దగ్గరలో ఉంటేనే చేయి వదిలేది. చిన్నమ్మాయి మాత్రం పడతానన్న బెదురు లేకుండా గది మధ్యకు సాగిపోయేది. ఒకే ఇంట్లో పెరిగినా ఇద్దరి తీరూ వేరు. వారి ఆలోచనా విధానాల మీద చేసిన పరిశీలనలు 1903లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికే ఆయన సోర్‌బాన్ ప్రయోగశాలకు అధిపతి.

ఫ్రాన్స్‌లో 1882 నుంచి చదువు నిర్బంధమైంది. అన్ని రకాల పిల్లలూ బడికి వచ్చారు. వెనకబడిన వారికి ప్రత్యేక తరగతులు పెట్టాలంటే, వారిని గుర్తించేది ఎలా? దీనిపై ప్రభుత్వం 1904లో వేసిన సంఘంలో బినే సభ్యుడు. టీచరుకు నచ్చని అల్లరి పిల్లవాడిని మందబుద్ధి అని ముద్ర వేసి బయటికి పంపే ప్రమాదం ఆయనకు స్పష్టంగా కనిపించింది.

1905 మాపనిలో తేలిక నుంచి కష్టానికి వెళ్లే 30 అంశాలు ఉన్నాయి. వెలిగించిన అగ్గిపుల్లను కళ్లతో వెంబడించడం మొదటిది. తర్వాత చాక్లెట్ ముక్కనూ చెక్క ముక్కనూ వేరు చేయడం, చెప్పిన అంకెలను తిరిగి చెప్పడం, ఈగకూ సీతాకోకచిలుకకూ తేడా చెప్పడం లాంటివి వస్తాయి. చివరిది అమూర్తమైన మాటల మధ్య భేదం వివరించడం. బ్రిటిష్ పరిశోధకుడు గాల్టన్ వంటివారు చూపు, వినికిడి, స్పందన వేగం కొలుస్తున్న రోజుల్లో బినే విచక్షణను పట్టుకున్నాడు. ఇదే ఆయన అసలైన ముందడుగు. 1908లో ఈ అంశాలను 3 నుంచి 13 ఏళ్ల వయసుల వారీగా అమర్చాడు. మానసిక వయసు అనే భావన అక్కడి నుంచి వచ్చిందే. 1911లో మరోసారి సవరించాడు.

తెలివి పుట్టుకతో వచ్చింది వచ్చినట్టే ఉండిపోతుందన్న వాదనను 1909 నాటి పుస్తకంలో గట్టిగా ఖండించాడు. వెనకబడిన పిల్లలకు ఏకాగ్రత నేర్పడానికి కసరత్తులు సూచించాడు. టీచరు సైగ చేయగానే అందరూ బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. కొన్ని వస్తువులను క్షణకాలం చూసి, ఏమేం ఉన్నాయో గుర్తుంచుకుని చెప్పాలి.

1911 అక్టోబరు 18న, 54వ ఏట బినే మరణించాడు. మరుసటి ఏడాది జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ మానసిక వయసును శారీరక వయసుతో భాగించే పద్ధతి ప్రతిపాదించాడు. 1916లో అమెరికాలో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త టెర్మన్ తెచ్చిన స్టాన్‌ఫర్డ్–బినే మాపనితో, ఆ భాగఫలాన్ని 100తో గుణించి చెప్పే ప్రజ్ఞాలబ్ధి ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందే అక్కడి మరో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గాడర్డ్ బినే పరీక్షను ఆంగ్లంలోకి తెచ్చాడు. టెర్మన్, గాడర్డ్ ఇద్దరూ తెలివి వంశపారంపర్యమని నమ్మినవారు. సాయం అవసరమైన పిల్లవాడిని వెతకడానికి పుట్టిన పరీక్ష వారి చేతుల్లో మనుషులకు ముద్రలు వేసే సాధనంగా మారింది. బినే బతికి ఉంటే దీన్ని సహించేవాడు కాదనే చెప్పాలి.

మన దేశంలో వి.వి. కామత్ ఈ పరీక్షను మరాఠీ, కన్నడ పిల్లలకు తగినట్టు మలిచారు. బినే–కామత్ పరీక్షగా పేరుపడ్డ ఆ రూపాన్ని మేధో వైకల్యాన్ని అంచనా వేయడానికి మన మనోవైద్య కేంద్రాలు దశాబ్దాలుగా వాడుతూ వచ్చాయి.