పాడ్‌కాస్టుల ద్వారా ఆంగ్ల భాషాభ్యాసం

పాడ్‌కాస్టు అనగా అంతర్జాలం ద్వారా భాగాలుగా వెలువడే శ్రవ్య కార్యక్రమం. ఆంగ్లం మాతృభాష కాని విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆ భాషను విని గ్రహించే శక్తిని పెంచుకోవడానికి వీటిని వాడుతున్నారు. రేడియో పాఠం వేళ తప్పితే మళ్ళీ దొరికేది కాదు. పాడ్‌కాస్టును దించుకొని, కావలసిన చోట ఆపి, ఎన్నిసార్లైనా వినవచ్చు.

== పుట్టుపూర్వోత్తరాలు ==
ఆపిల్ సంస్థవారి ఐపాడ్ పేరును, ప్రసారమని అర్థమిచ్చే బ్రాడ్‌కాస్ట్ అనే మాటను కలిపి, 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ ఈ పదాన్ని వాడాడు. జపానులోని ఒసాకా జొగాకుయిన్ కళాశాల ఆ సంవత్సరమే కొత్త విద్యార్థినులకు ఆంగ్ల శ్రవణాభ్యాసం కొరకు ఐపాడ్‌లు ఇచ్చింది. 2005 జూన్‌లో ఐట్యూన్స్‌లో చోటు లభించాక పాడ్‌కాస్టులు బహుళ ప్రచారం పొందాయి. ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయింది. పేరు మాత్రం మిగిలింది.

== పేరుపొందిన పాఠాలు ==
బీబీసీ 1943 నుండి ఆంగ్ల పాఠాలు చెబుతోంది. దాని 'సిక్స్ మినిట్ ఇంగ్లిష్'లో ఇద్దరు వ్యాఖ్యాతలు ఒక విషయంపై ముచ్చటిస్తారు. మొదట ఒక ప్రశ్న వేసి, జవాబు చివర చెబుతారు. నడుమ కొన్ని కొత్త మాటలు వివరిస్తారు. సంభాషణ పాఠం రాతలోనూ ఉచితంగా లభిస్తుంది. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో ఆరంభించిన 'స్పెషల్ ఇంగ్లిష్' సుమారు 1,500 పదాలతో, నెమ్మదిగా చదివే వార్తలతో సాగేది. ఇటువంటి పాఠాలకు అది పూర్వరూపమని చెప్పవచ్చు.

== తెలుగు విద్యార్థులు ==
తెలుగు మాధ్యమంలో చదివి విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థి పుస్తకం చదివి అర్థం చేసుకోగలడు, కాని అదే విషయం ఉపన్యాసంగా వింటే తడబడతాడు. దీనికి కారణం పదజాలం కొరత ఒక్కటే కాదు. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు స్పష్టంగా పలుకుతాయి. ఆంగ్లంలో ఒక అక్షరంపై ఊనిక పడి, తక్కినవి నలిగిపోతాయి. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక మొదటి అక్షరంపైన, 'ఫొటోగ్రఫీ'లో రెండవ దానిపైన, 'ఫొటోగ్రాఫిక్'లో మూడవ దానిపైన ఉంటుంది. 'బ్రెడ్ అండ్ బటర్' అన్నది 'బ్రెడ్న్‌బటర్' అని వినబడుతుంది. ఈ తేడాలు నిఘంటువు చూస్తే పట్టుబడవు, చెవికి అలవాటు కావాలి.

మొదటిసారి రాతప్రతి చూడకుండా విని, రెండవసారి చూస్తూ విని, ఆపై వ్యాఖ్యాతతోపాటు గొంతు కలిపి పలకడం మంచి పద్ధతి. ఆదివారం రెండు గంటలు వినడం కంటే రోజుకు పావుగంట మేలు.

== పరిమితులు ==
వినడం వల్లనే మాట్లాడడం రాదు. పాడ్‌కాస్టు మన తప్పు దిద్దదు. ఆ పనికి ఉపాధ్యాయుడో, తోటి విద్యార్థో ఉండాలి. ఆంగ్లేయుల కోసం చేసిన వార్తా చర్చలతో మొదలుపెట్టినవారు ఆ వేగానికి బెదిరి మానుకోవడం కద్దు. పైగా ఈ పాఠాలలో ఎక్కువగా వినబడేది బ్రిటిష్ లేదా అమెరికన్ ఉచ్చారణ. మన తరగతి గదిలో, ఉద్యోగ పరీక్షలో ఎదురయ్యేది చాలావరకు భారతీయ ఆంగ్లం కనుక దానినీ వినడం అవసరం.