ఆముదపు చరిత్ర

‘ఉగ్గుపాలతో అబ్బిన విద్య’ యనుట మన నుడికారము. చనుబాలలో ఆముదము రంగరించి పసిబిడ్డకు పోయునదే ఉగ్గు. ఒక గింజనూనె మాటలలోనికి సైతము ప్రవేశించినదనిన, అది మన యిండ్లలో ఎంతగా పాతుకొన్నదో శ్రోతలు గ్రహింపవచ్చును.

ఈ నూనె చరిత్ర మన దేశమునకే పరిమితము కాదు. క్రీస్తు పూర్వము 1550 ప్రాంతమున ఈజిప్టులో వ్రాయబడిన ‘ఎబర్స్ పపైరస్’ అను వైద్యగ్రంథమున ఆముదపు చెట్టు ప్రస్తావన కలదు. చరక, సుశ్రుత సంహితలలో దీని పేరు ఏరండము. ఏరండతైలము వాతహరము, విరేచనకారి యని ఆయుర్వేద మతము. వెస్టిండీసు దీవులలో వైద్యము చేసిన పీటర్ కాన్వేన్ అను వైద్యుడు 1760 దశకమున దీనిని గూర్చి చిన్న గ్రంథము ప్రకటించి, ఇంగ్లండులో దీనికి ప్రచారము కల్పించెను.

ఆముదపు గింజలో ఘోరమైన విషమొకటి యున్నది. స్టిల్‌మార్క్ అను పరిశోధకుడు 1888లో దానిని వేరుపరచి ‘రైసిన్’ అని పేరిడెను. మన గృహిణులు ఆ పేరెరుగరు. అయినను వారు గింజలను వేయించి, దంచి, నీటిలో కాచి, పైకి తేలిన నూనెను మాత్రమే తీసికొనెడివారు. అదియే వంటాముదము. రైసిన్ నూనెలో కరగదు, వేడికి చెడును. రసాయనశాస్త్రము పేరు పెట్టుటకు పూర్వమే వంటయిల్లు ఆ విషమును తొలగించినది.

ఇక నూనె పనిచేయు విధము. ఇందు నూటికి దాదాపు తొంబది పాళ్లు రిసినోలిక్ ఆమ్లమే. చిన్నప్రేవులలో జీర్ణరసములు దానిని విడదీయగా, అది ప్రేవుల కండరములను ముడుచుకొనునట్లు చేయును. ఆ కండరములలోని ఏ గ్రాహకముపై అది పనిచేయునో 2012లో జర్మనీ పరిశోధకులు ఎలుకలయందు నిరూపించిరి. అదే గ్రాహకము గర్భాశయ కండరములందును కలదు. కావున గర్భిణులు వైద్యుని యనుమతి లేక ఆముదము త్రాగరాదు.

పసిబిడ్డల విషయమున మరింత జాగ్రత్త వలయును. పొరబోయిన నూనె ఊపిరితిత్తులలో చేరి ప్రాణాపాయము కలిగింపవచ్చును. మొదటి ఆరు మాసములును తల్లిపాలు తప్ప మరేమియు పోయరాదని నేటి వైద్యుల హితవు. గింజలోని విషమును తొలగించిన పెద్దల నేర్పును గౌరవింతము. ఉగ్గును మాత్రము నుడికారమునకే విడిచిపెట్టుదము.